దాచుకోవలసిన జబ్బు కాదు

కాకినాడ నుంచి ఒక సోదరి నాకు ఉత్తరం రాశారు. "మీకు వచ్చిన జబ్బే నాకూ వచ్చింది. ఆపరేషను అయింది. వచ్చే నెలలో కరెంటు పెడతామంటున్నారు. ఆ రోజులు ఎలా గడుస్తాయి? వంటా వార్పూ చేసుకోగలనా? మనవణ్ణి దగ్గరకు తీసుకోవచ్చునా? మీ శీర్షికలో రాస్తే చదువుకుంటాను" అని అందులోని సారాంశం. రెండు పేజీల ఉత్తరంలో జబ్బు పేరు లేదు. ఒంట్లో ఎక్కడ వచ్చిందో లేదు. చివర ఆవిడ పేరూ లేదు.

జూన్ నెలలో నాకు ఆపరేషను అయిన సంగతీ, దానివల్ల ఈ శీర్షిక కొన్ని వారాలు రాని సంగతీ పాఠకులకు తెలిసినవే. ఇప్పుడు ఆ "కరెంటు" నేనూ పెట్టించుకుంటున్నాను. మొత్తం ఇరవై రోజులు. పన్నెండు అయ్యాయి, ఎనిమిది మిగిలాయి. కనక ఆవిడ అడిగినవాటికి అనుభవం మీదే జవాబు చెప్పగలను.

ముందు పేరు సంగతి. నేను ఇరవై రెండేళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నాను. మన ప్రబంధ కవులు ఆ అవయవానికి వాడని మాట లేదు. కుచమనీ, స్తనమనీ, పయోధరమనీ, పాలిండ్లనీ నిఘంటువు నిండా వున్నాయి. పద్యం చదువుతాం, ప్రతిపదార్థం చెబుతాం, పరీక్షలో అడిగి మార్కులు వేస్తాం. అంత సంపద వున్న భాషలో, ఒక ఇల్లాలికి అక్కడ గడ్డ తగిలితే ఇంట్లో చెప్పుకోవడానికి మాట దొరకదు. "ఛాతీలో" అంటుంది, "గుండెల మీద" అంటుంది, మరీ కాకపోతే "ఇక్కడ" అని వూరుకుంటుంది. జబ్బు పేరూ అంతే. మన పెద్దవాళ్ళు రాచపుండు అనేవారు, ఇప్పుడు "ఆ జబ్బు" అంటున్నారు. పేరెత్తితే అది మన ఇంటికి వస్తుందని భయం కాబోలు. పేరెత్తకపోయినా రావలసిన చోటికి వస్తూనే వుంది. మన దేశపు ఆడవాళ్ళలో అన్నిటికంటె ఎక్కువగా కనపడే క్యాన్సరు ఇదే. కనక ఈ వ్యాసంలో రొమ్ము క్యాన్సరు అనే రాస్తాను. ఇంట్లో మగవాళ్ళూ, పిల్లలూ కూడా చదివితే నాకు సంతోషమే.

ఇక కరెంటు సంగతి. అందరూ ఆ మాటే అంటున్నారు గాని, ఒంట్లోకి విద్యుత్తు పంపడం అంటూ ఏమీ లేదు. అవి ఎక్స్ కిరణాలు. 1895లో జర్మనీలో రాంట్జెన్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టినవే. చెయ్యి విరిగితే ఫోటో తీసే కిరణాల జాతివే ఇవీనూ, కాకపోతే బలం చాలా ఎక్కువ. ఆపరేషనులో కంటికి కనపడిన గడ్డను తీసివేస్తారు. కంటికి కనపడని క్యాన్సరు కణాలు చుట్టుపక్కల మిగిలితే, వాటిని ఈ కిరణాలు చంపుతాయి. మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది గాని, అవి చాలావరకు కోలుకుంటాయి. అందుకే మొత్తం మోతాదును ఒక్కసారిగా ఇవ్వక, రోజుకు కొంచెం చొప్పున విడగొట్టి ఇస్తారు.

ఈ కిరణాలకు మన ఆడవాళ్ళం ఎంతో ఋణపడివున్నాం. పందొమ్మిదో శతాబ్దం చివర హాల్‌స్టెడ్ అనే అమెరికను సర్జను చూపిన పద్ధతిలో, రొమ్ముతోపాటు కింద వున్న కండరాలను కూడా తీసివేసేవారు. చాలా దశాబ్దాలు అదే సరైన చికిత్స అనుకొన్నారు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరొనేసి అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని ప్రశ్నించారు. తొలి దశలో వున్నవారికి గడ్డను మాత్రం తీసి, ఆ తరవాత రేడియేషను ఇచ్చి చూశారు. ఒకరి ఫలితాలు 1981లో, మరొకరివి 1985లో వచ్చాయి. రొమ్ము మొత్తం తీయించుకొన్నవారు ఎంతకాలం బ్రతికారో, వీరూ అంతకాలమే బ్రతికారని తేలింది. ఇరవై ఏళ్ళ తరవాత, 2002లో మళ్ళీ లెక్క చూస్తే అదే మాట నిలిచింది. గడ్డ చిన్నదిగా వున్నప్పుడే వెళ్ళాను గనక, నాకూ ఆ చిన్న ఆపరేషనే సరిపోయింది. రొమ్ము మొత్తం తీసినా, కొందరికి రేడియేషను కావలసి వస్తుంది. ఎవరికి ఏది అవసరమో డాక్టరు చెప్పవలసిందే, పక్కింటివారి అనుభవం పనికిరాదు.

మొదలుపెట్టే ముందు ఒక రోజు కొలతలకు పిలుస్తారు. దాన్ని సిమ్యులేషను అంటారు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు తలపైకి ఎత్తించి స్కాను తీస్తారు. ఆపరేషను అయిన వైపు భుజం పట్టేస్తుంది. డాక్టర్లు చెప్పిన వ్యాయామాలు ముందునుంచీ చేసివుంటేనే చెయ్యి పైకి లేస్తుంది. నేను వేళ్ళతో గోడ మీద పాకిస్తూ, రోజుకు ఒక అంగుళం చొప్పున చేతిని పైకి తెచ్చుకొన్నాను. ఆ రోజునే ఒంటి మీద సిరా గీతలు గీసి, ఆవగింజంత చుక్కలు మూడు పొడిచారు. ప్రతిరోజూ కిరణాలు అదే చోట పడాలి గనక ఆ గుర్తులు. ఇంటికి వచ్చి చూపిస్తే మా అత్తగారు తన చేతి మీది పచ్చబొట్టు పక్కన పెట్టి చూసి, "నాది అణా ఇచ్చి పొడిపించుకున్నా. నీది ఎంతయిందో?" అన్నారు.

నా దినచర్య ఇదీ. పొద్దున్న రెండు క్లాసులు చెబుతాను. మధ్యాహ్నపు క్లాసులను ప్రిన్సిపాలుగారు వేరొకరికి సర్దారు. పదకొండున్నరకు ఆటో ఎక్కి ఏలూరు రోడ్డు మీదుగా ఆస్పత్రికి వెళతాను. నా నంబరు వచ్చేదాకా అరగంటో గంటో కూర్చోవాలి. పిలిచాక గౌను వేసుకొని లోపలికి వెళితే, మందపాటి కాంక్రీటు గోడల గదిలో పెద్ద మిషను. బల్ల మీద పడుకోబెట్టి, చుక్కలూ వెలుగు గీతలూ కలిసేవరకు ఇటు కొంచెం అటు కొంచెం సర్దుతారు. కాలహరణమంతా అక్కడే. తరవాత అందరూ బయటకు పోయి తలుపు వేసుకొంటారు. ఆ గదిలో ఒక్కతెనే వుండాలంటే మొదటి రోజున భయం వేసిన మాట నిజం. కాని వాళ్ళు కెమెరాలో చూస్తూనే వుంటారు, మైకులో మాట్లాడుతూనే వుంటారు.

నాది ఎడమ రొమ్ము. దాని వెనక గుండె వుంటుంది గదా. ఊపిరి నిండా పీల్చి పట్టివుంచితే, గుండె కిరణాల దారి నుంచి కొంచెం పక్కకు జరుగుతుంది. అందుకని "పీల్చండి, పట్టండి" అంటారు. ఇరవై సెకన్లు పట్టాక "వదలండి" అంటారు. సీసపద్యపు పాదాన్ని గుక్క తిప్పుకోకుండా చదివే అలవాటు నాకు ఇలా పనికివచ్చింది. మిషను తల నా చుట్టూ తిరుగుతుంది, గుయ్యిమని చప్పుడు. నొప్పి లేదు, వేడి లేదు, తగిలినట్టే వుండదు. కిరణాలు పడేది రెండు మూడు నిమిషాలు. వెళ్ళి బల్ల దిగేసరికి పావుగంట. సోమవారం నుంచి శుక్రవారం దాకా వారానికి అయిదు రోజులు, శని ఆదివారాలు సెలవు. కొందరికి అయిదారు వారాలు ఇస్తారు, కొందరికి మూడు వారాలతో సరిపోతుంది.

ఇక మనవణ్ణి ఎత్తుకొనే మాట. మా ఇంట్లోనూ ఈ ప్రశ్న వచ్చింది. మా మరిది కొడుకుకు రెండేళ్ళు, నన్ను చూస్తే చేతులు చాస్తాడు. వాళ్ళమ్మ బిడ్డను వెనక్కు లాక్కుని, "వద్దు నాన్నా, పెద్దమ్మకు కరెంటు పెట్టారు" అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. మా అత్తగారికి డెబ్బయ్యెనిమిది ఏళ్ళు, చదివింది అయిదో క్లాసు. ఆవిడ జపమాల పక్కన పెట్టి, "ఆ మిషను ఆపేశాక కూడా కిరణాలు వస్తాయటే?" అని నన్ను అడిగారు. రావన్నాను. "దీపం ఆర్పాక గదిలో వెలుగు మిగలదు గదా. పిల్లాణ్ణి ఇయ్యి దానికి" అన్నారు తోడికోడలితో. డాక్టరుగారు చెప్పినదీ అదే. బయటి మిషనుతో ఇచ్చే రేడియేషను ఒంట్లో నిలవదు. పిల్లలను ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినవచ్చు, భర్త పక్కన పడుకోవచ్చు. కడుపుతో వున్నవాళ్ళు కూడా దగ్గర కూర్చోవచ్చు. ఆపరేషను అయిన వైపు చేతితో పిల్లవాణ్ణి ఎప్పటినుంచి ఎత్తవచ్చో మాత్రం డాక్టరును అడగండి, ఎందుకంటే అది కిరణాల సంగతి కాదు, బరువు సంగతి.

ఒంటి చర్మం మాట చెప్పాలి. మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండో వారం చివర వెచ్చగా, దురదగా అనిపించింది. తెల్లవాళ్ళకు ఎర్రబడుతుందంటారు. మన రంగుకు నల్లబడుతుంది. ఇది ఇంకా ముదురుతుందనీ, ఆఖరి రోజు దాటిన వారం పది రోజులకు ఎక్కువగా కనపడి, ఆ తరవాత తగ్గుతుందనీ డాక్టరుగారు ముందే చెప్పారు. గోరువెచ్చని నీళ్ళు పోసుకోవచ్చు. సున్నిపిండితో రుద్దడం, పసుపు, పౌడరు, సెంటు, వేడి కాపడం ఆ వైపు పనికిరావు. తుడుచుకొనేటప్పుడు కూడా రుద్దక, మెత్తని బట్టతో అద్దుకోవాలి. వాళ్ళు రాసి ఇచ్చిన లేపనం తప్ప మరేదీ పూయకూడదు. బిగువు జాకెట్లు కట్టిపెట్టాను. కాలేజీకి వదులుగా కుట్టిన వాయిల్ జాకెట్టు, ఇంట్లో మా వారి పాత లాల్చీ. విజయవాడ ఉక్కలో దానికి మించిన సుఖం లేదు. ఇది శ్రావణమాసం గదా, పేరంటానికి వెళితే "కాళ్ళకు పసుపు రాయవచ్చా?" అని ఒకావిడ భయంభయంగా అడిగారు. కాళ్ళకు నిక్షేపంలా రాయండి అన్నాను.

నీరసం మాత్రం నిజమైనది. మూడో వారంలో పట్టుకొంది. పని చేసి అలిసినట్టు కాదు, పడుకొన్నా పూర్తిగా తీరదు. నాకు సాయంత్రం నాలుగింటికి వస్తుంది. పేపర్లు దిద్దుతుంటే ఒకే జవాబును మూడుసార్లు చదువుతాను. దానికి మందు మంచం కాదనీ, వీలయినంత నడకేననీ అన్నారు. మొదట నమ్మలేదు గాని, సత్యనారాయణపురం వీధులలో అరగంట నడిచి వచ్చిన రోజున రాత్రి నిద్ర బాగా పడుతోంది. ఇంటి పని పంచుకోవాలి. మా వారికి కుక్కరు ఎన్ని విజిల్స్ వేయాలో తెలిసింది. రసంలో ఉప్పు వేశారో లేదో ఇప్పటికీ నన్ను రుచి చూడమంటారు.

పలకరించడానికి వచ్చే ప్రతివారూ పథ్యం చెబుతారు. ఒకరు వంకాయ వద్దంటారు, ఒకరు గోంగూర వద్దంటారు, మరొకరు తీపి మానెయ్యమంటారు, ఇంకొకరు ఏదో ఆకు రసం పొద్దున్నే తాగమంటారు. ఇవన్నీ వింటే తినడానికి మిగిలేది ఉప్పూ నీళ్ళే. డాక్టరుగారు ఏ పథ్యమూ చెప్పలేదు. పప్పు, పెరుగు, కూరలు, పళ్ళు, అలవాటున్నవారు గుడ్డు, చేప బాగా తినాలి, చర్మం మానడానికి మాంసకృత్తులు కావాలన్నారు. బజారులో దొరికే బలం మాత్రలూ, పొడులూ, పసర్లూ అడగకుండా మింగవద్దన్నారు. జుట్టు ఊడుతుందా అని చాలామంది అడిగారు. అది కీమోథెరపీ మందులవల్ల. నా జబ్బు రకానికి అవి అక్కరలేదన్నారు, ఒక మాత్ర మాత్రం చాలా ఏళ్ళు వేసుకోవాలి. రొమ్ముకు ఇచ్చే రేడియేషనువల్ల తలమీది జుట్టు పోదు.

మిషను కింద పావుగంట కంటె బయట బెంచీ మీద గడిపే గంట నాకు ఎక్కువ బోధపరిచింది. నా పక్కన రోజూ ఒకామె కూర్చుంటుంది. కైకలూరు అవతలి పల్లెటూరు, చేపల చెరువుల మీద పని. నన్ను పంతులమ్మగారూ అంటుంది. గడ్డ తగిలిన పదకొండు నెలలకు గాని ఆమె ఎవరికీ చెప్పలేదు. "నొప్పి లేదండీ. నొప్పుంటే చెప్పేదాన్నే. భర్త లేడు. పెళ్ళి కావలసిన కొడుకుతో ఏ నోటితో చెప్పనండీ?" అంది. చర్మం పగిలి, చీర తడిసి, కొడుకు కంటపడేదాకా గుడ్డలు కట్టుకొని తిరిగింది. కీమోథెరపీ ఆరు నెలలు పట్టింది, రొమ్ము మొత్తం తీసివేశారు, ఇప్పుడు రేడియేషను. ఖర్చు ప్రభుత్వ పథకం కింద గడిచిపోతోంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచీ బీదవారికి ఇలాంటి వైద్యం అందే దారి ఏర్పడింది. అంటే ఆమెను ఆపినది డబ్బు కాదు. దూరమూ కాదు. కొడుకు దగ్గర పలకలేని ఒక్క మాట. ఆ కొడుకే ఇప్పుడు రోజూ క్యారేజీ తెచ్చి, తల్లి తినేదాకా ఎదురుగా కూర్చుంటున్నాడు.

పల్లెటూరి ఆమె కదా, చదువు లేదు కదా అనుకోకండి. మా అమ్మాయికి ఎమ్మెస్సీ అయి, ఉద్యోగం చేస్తోంది. రాజమహేంద్రవరం వాళ్ళ సంబంధం ఒకటి నడుస్తోంది. నా ఆపరేషను అయిన వారానికే గుంటూరు నుంచి మా వదినగారు వచ్చారు. ఆవిడ మంచి మనిషి, నా జడ కూడా ఆవిడే వేశారు. వేస్తూ, "చూడమ్మాయ్, తాంబూలాలు పుచ్చుకొనేదాకా ఈ సంగతి గడప దాటనివ్వకండి. తల్లికి ఆ జబ్బని తెలిస్తే పిల్లను ఎవరు చేసుకుంటారు?" అన్నారు. కాదనడానికి లేదు. లోకం అలాగే వుంది. మా వారు రెండు రోజులు ఆలోచనలో పడ్డారు.

ఇక్కడ తెలుసుకోవలసినది ఒకటి వుంది. రొమ్ము క్యాన్సరు వచ్చినవారిలో, తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యులోపం కారణమయ్యేది నూటికి అయిదు నుంచి పదిమందికి మాత్రమే. వంశంలో ఇద్దరు ముగ్గురికి వచ్చివున్నా, చిన్న వయస్సులో వచ్చినా, దానికి రక్తపరీక్ష వుంది. అయితే తల్లికి వచ్చినప్పుడు కూతురు మిగతావారి కంటె కొంచెం ముందుగానే పరీక్షలు మొదలుపెట్టుకోవాలి. డాక్టరు "మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా?" అని అడిగితే ఉన్నమాట చెప్పగలగాలి. అత్తవారింట్లో దాచిన కోడలు ఆ పరీక్షకు ఏమని చెప్పి వెళుతుంది? కనక దాచడంవల్ల నష్టపడేది మొదట మా అమ్మాయే.

దాన్నే అడిగాం. "రేపు నాకు ఒంట్లో బాగా లేకపోయినా దాచుకు తిరగవలసిన ఇంటికి నేనెందుకమ్మా వెళ్ళడం?" అంది. మా వారు ఆ రోజే ఫోను చేసి సంగతి చెప్పారు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. ఆలోచించుకొని చెబుతామన్నారు. నెల దాటింది, ఇంకా చెప్పలేదు. చెప్పకపోవచ్చు కూడా. రాత్రిళ్ళు మెలకువ వచ్చినప్పుడు నన్ను బాధపెడుతున్నది చర్మపు మంట కాదు, ఇదే. అయినా మరొకసారి అడిగితే మళ్ళీ అదే చెప్పమంటాను. మా వదినగారికి కోపం వచ్చింది గాని, వెళ్ళేముందు తలుపు వేసి, "నాకూ ఒకసారి చూపించుకోవాలని వుంది, ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళను?" అని అడిగారు. మర్నాడు ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆవిడకు ఏమీ లేదని తేలింది.

పాఠక సోదరీమణులకు చివరగా నాలుగు మాటలు. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ, చర్మం సొట్ట పడడం, చనుమొన లోపలికి పోవడం, రక్తం రావడం, వీటిలో ఏది కనపడినా వెంటనే డాక్టరుకు చూపించాలి. గడ్డలన్నీ క్యాన్సరు కావు, నిజానికి ఎక్కువ భాగం కావు. కాని ఏది ఏదో మన చేతికి తెలియదు. నొప్పి లేదు గదా అని వూరుకోవద్దు. ముప్పయ్యేళ్ళు దాటిన ఆడవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష చేసే కార్యక్రమం వుంది, అడిగి చేయించుకోండి. రేడియేషను మొదలైనవారు మధ్యలో రోజులు ఎగ్గొట్టవద్దు. పండగ వచ్చినా, పేరంటం వచ్చినా సరే. చర్మం చితికినా, జ్వరం వచ్చినా, దగ్గు పట్టినా ఆ రోజే అక్కడివారికి చెప్పండి. వారు విసుక్కోరు.

"మరి నాకు పూర్తిగా పోయినట్టేనా?" అని మా డాక్టరుగారిని మొన్న అడిగాను. "చాలావరకు అనే నా నమ్మకం. కాని ఏళ్ళ తరబడి పరీక్షలకు వస్తూ వుండాలి" అన్నారు. అంతకంటె ఎక్కువ ఎవరూ చెప్పలేరు. వస్తూనే వుంటాను. ఈలోగా మొదటి సంవత్సరం పిల్లలకు ఛందస్సు పూర్తి చేయాలి. దసరా సెలవులకు ముందే పరీక్ష.